బంగారు అంగళ్ల వీధిలో ఎండిన కానుగలు

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేరబోయే పిల్లలు నా దగ్గరికి వస్తే రెండే ప్రశ్నలు అడుగుతారు. ఏ కాలేజీ మంచిది, బయటికొచ్చాక జీతం ఎంతొస్తుంది. మొదటిదానికి నాకున్న సమాచారం పాతబడింది. రెండోదానికి నిజం చెబితే వాళ్ల అమ్మానాన్నలు నన్ను తిడతారు. వాళ్లు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. పక్క బల్ల మీద కూర్చున్నవాడు మనకంటే బాగా చేస్తుంటే ఏం చేయాలి? నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది. అందుకని దాని గురించే రాస్తాను. నాకొచ్చిన ప్రమోషన్లు, సన్మానాలు, శాలువాలు మీకేం ఉపయోగం లేదు. శాలువాలు మా ఆవిడకు కూడా ఉపయోగపడలేదు.

ఈ వృత్తి గురించి తెలియనివాళ్లకు ఒక మాట. పట్టణంలో ఇళ్లు, అంగళ్లు, రోడ్లు పోగా మిగిలిన నేల ఎవరిదీ కానట్టు పడి ఉంటుంది. ఆ నేల మీద నీడ ఎక్కడ పడాలి, వాననీళ్లు ఎటు పోవాలి, ముసలివాళ్లు ఎక్కడ కూర్చోవాలి, ఏ చెట్టు ఏ గుంతలో బతుకుతుంది అని ఆలోచించి పటం గీయడమే మా పని. మాది ప్రొద్దుటూరులో బంగారు అంగడి. నేను బి.ఆర్క్ అయ్యాక ఈ పీజీ చేస్తానంటే మా నాయన లెక్కబల్ల వెనక నుంచి తలెత్తకుండానే అన్నాడు. "చెట్లు నాటనీకి ఇంగా చదవల్లనా? మన వీధిలో ఎవురన్నా ఇంటే నగుతారు."

నేను చదవడానికే పోయాను. ఆ పోవడంలో చెట్ల మీద ప్రేమ ఎంత, మా నాయన మీద పంతం ఎంత అని ఇప్పుడు అడిగితే పంతమే ఎక్కువని చెప్తాను.

పక్క బల్ల

హైదరాబాదులో మా తరగతిలో పన్నెండు మందిమి. కోస్తా పిల్లలు నా చేత "యాడికి పోతాండావు" అనిపించుకుని నవ్వుకునేవాళ్లు. మొదటి వారంలో ఇంకొకతను వచ్చి చేరాడు. నాకంటే మోటుగా మాట్లాడేవాడు. పులివెందుల దగ్గర పల్లె, చీనీ తోటలున్న రైతు కుటుంబం, వ్యవసాయ డిగ్రీ. పేరు ఓబులరెడ్డి. వాళ్లు నవ్వితే అతను కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. రెండు వారాలకు వాళ్లే "శానా బాగుండాది" అనడం మొదలుపెట్టారు. నేనైతే అప్పటికే వాళ్ల భాష నేర్చుకోవడానికి తంటాలు పడుతున్నాను. అసూయ మొదట అక్కడ పుట్టింది. ఎంత చిన్న విషయమో చూడండి.

నాకు గీత వచ్చు. బి.ఆర్క్‌లో ఐదేళ్లు గీసిన చేయి. అతనికి స్కేలు పట్టుకుంటేనే చేయి జారేది. కాలేజీ వెనక ఖాళీ స్థలానికి పటం గీయమని మా విభాగం పెద్దసారు మొదటి పని ఇచ్చారు. నేను మూడు రోజులు రంగులు వేశాను. ఓబులు మూడు రోజులు ఆ స్థలంలోనే కూర్చున్నాడు. మెస్సు వంటవాళ్లు ఎక్కడ కూర్చుని కూరగాయలు తరుగుతారు, వాచ్‌మన్ సైకిల్ ఏ వేళకు ఏ నీడలోకి మారుస్తాడు, ఇవి చూసి కోడి కెలికినట్టున్న గీతల్లో ఒక పటం పెట్టాడు. పెద్దసారు నా బల్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడి, "చేయి బాగుందయ్యా" అన్నారు. అతని బల్ల దగ్గర కుర్చీ వేయించుకుని అరగంట కూర్చున్నారు. నేను గడియారం చూసుకుంటూ ఉన్నాను. కడుపు మండిపోయింది. ఇంతకంటే మర్యాదైన మాట దానికి లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం అతనే నా గదికి వచ్చాడు.

"శెట్టీ, నాకు గీత వంకరపోతాందప్పా. రేపటికి షీటు ఇయ్యల్ల. రోంత సిరా పట్టించి ఇస్తావా?"

ఇచ్చాను. ఆ రెండేళ్లూ అతని పటాలకు సిరా పట్టించింది నేనే. ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతారేమో. నా గీత లేకపోతే వాడికి మార్కులు రావని నాకు నేను చెప్పుకోవడానికి. మార్కులు వచ్చినప్పుడల్లా అతను నలుగురిలో, "గీత శెట్టిది" అని చెప్పేవాడు. అది విని ఇంకా మండేది. కనీసం ఆ మాట దాచుకునే బుద్ధి అతనికి ఉండి ఉంటే నాకు తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది.

మా వీధి మీద అతని థీసిస్

చివరి సంవత్సరం థీసిస్‌కు నేను మా బంగారు అంగళ్ల వీధిని ఎంచుకున్నాను. ఎండాకాలం మధ్యాహ్నం ఒక్క ఆకు నీడ లేని వీధి అది. కొనడానికి వచ్చిన ఆడవాళ్లు అంగడి మెట్ల మీద కొంగు కప్పుకుని కూర్చుంటారు. ఆ వీధి గురించి మేం పటాలు గీసే స్టూడియోలో గొప్పగా చెప్పాను. విన్న పెద్దసారు, "అయితే ఇద్దరూ అదే వీధి చేయండి. ఒకే జిల్లా వాళ్లు కదా, విడివిడిగా రెండు పటాలు పెట్టండి, నేర్చుకోవచ్చు" అన్నారు. నా వీధిని తీసి అతని చేతిలో కూడా పెట్టినట్టయింది.

సర్వేకని ఓబులు మా ఇంట్లో పది రోజులు ఉన్నాడు. మా అమ్మ అతనికి నెయ్యి రెండుసార్లు వడ్డించేది. మా నాయన, నా చదువు గురించి ఏనాడూ ఒక ప్రశ్న అడగని మనిషి, రాత్రి భోజనాల దగ్గర అతన్ని అడిగాడు. "మా అంగడి ముందర ఏం చెట్టు పెడితే బాగుంటాది నాయనా?"

"కానుగ పెట్టండి మామా. వేరు అడుగుకు పోతాది, గోడ జోలికి రాదు. ఎండాకాలం ముందరే కొత్త చిగురు ఏస్తాది."

మా నాయన అంతా విని నా వైపు తిరిగి, "ఆ పిల్లోనికి చెట్లు తెలుసు. నీకు గీతలు తెలుసు" అన్నాడు. తిట్టలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పి మజ్జిగ పోసుకున్నాడు. ఆ పది రోజుల్లో మా ఇల్లు మొత్తం అతనిదైపోయినట్టు నాకు అనిపించింది.

ఓబులు పథకం చాలా తేలికైంది. వీధికి ఇరుపక్కలా మురుగుకాలువ ఉంది. ప్రతి అంగడివాడూ పొద్దున్నే వాకిలి కడిగి నీళ్లు చల్లుతాడు. ఆ నీళ్లన్నీ కాలువలో వృథాగా పోతున్నాయి. కాలువ పక్కన వరసగా గుంతలు తీసి, కాలువ నీళ్లు ఒక గుంతలోంచి ఇంకో గుంతలోకి పారేట్టు చేస్తే, ఎవరూ బిందె మోయకుండానే వీధంతా కానుగలు పెరుగుతాయి. నీళ్లకు కటకటగా ఉండే మా ఊరికి ఇంతకంటే మంచి ఆలోచన నాకు జన్మలో రాదు. అది విన్న క్షణంలోనే నాకు ఆ సంగతి తెలుసు.

ఒక ఉదయం కాలువ గట్టున కూర్చుని అతను నన్ను అడిగాడు.

"ఈ నీళ్లు మంచియ్యేనా అప్పా? ఏమన్నా కలుస్తాయా?"

ఇక్కడ మీకు మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. అంగళ్ల వెనక సందుల్లో కంసాలుల పనిగదులు ఉంటాయి. నగకు మెరుపు తేవడానికి, మలినం తీయడానికి వాళ్లు యాసిడ్ వాడతారు. పగలంతా పనిచేసి, పొద్దు గుంకే వేళకు ఆ కడుగునీళ్లు కాలువలో పోస్తారు. పొద్దున అంగళ్ల వాళ్లు చల్లిన నీళ్లకు కాలువ శుభ్రంగా కనిపిస్తుంది. ఓబులు సర్వే చేసిందంతా పొద్దునపూటే. సాయంత్రాలు మా నాయన అతన్ని అంగట్లో కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు.

నాకు ఏడేళ్లప్పుడు సాయంత్రం ఆటలో బంతి ఆ కాలువలో పడితే చేయి పెట్టి తీశాను. వేళ్లు పసుపుపచ్చగా అయిపోయి, నాలుగు రోజులకు తొక్క లేచింది. మా అమ్మ వెన్న రాసి ఏడ్చింది. కాబట్టి నాకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

"బాగనే ఉంటాయిలే. వాకిండ్లు కడిగిన నీళ్లే గదా" అన్నాను.

అతను తలూపి పుస్తకంలో రాసుకున్నాడు. సొంత వీధివాడు చెప్పిన మాట కదా, ఇంకొకరిని అడగలేదు. తర్వాత అతని చివరి షీట్లకు సిరా పట్టించింది కూడా నేనే. కాలువను గుంతలకు కలిపే ఆ సన్నటి గీత ఒక్కొక్కటీ నా చేత్తో గీశాను. కాగితం మీద చెట్లు చస్తే ఎవరికి నష్టం అనుకున్నాను. ఒక్కడికైనా తెలుసు ఇది పనికిరాదని, ఆ ఒక్కడినీ నేనే అని లోపల సంతోషపడ్డాను కూడా.

థీసిస్ జ్యూరీ రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా పటాలు చూసి, "బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి" అన్నాడు. ఓబులు పటాలు చూసి, "ఇది కట్టదగిన పథకం" అన్నాడు. మొదటి స్థానం అతనిది. ఆ రాత్రి అందరూ కలిసి బిర్యానీకి పోయారు. నేను తలనొప్పి అని చెప్పి పడుకున్నాను.

జమ్మలమడుగులో బండలు

నేను పట్టణాల పార్కులు చూసే ఒక కార్యాలయంలో చేరాను. ఓబులు హైదరాబాదులోనే సొంతంగా ఒక చిన్న డిజైన్ ఆఫీసు పెట్టుకున్నాడు.

నా మొదటి పార్కు జమ్మలమడుగులో. అక్కడ చుట్టుపక్కల నాపరాయి గనులు ఎన్నో. మా జిల్లావాడికి ఎక్కడైనా మన్ను కనిపిస్తే బండ పరచబుద్ధి అవుతుంది. నేనూ పరిచాను. పాత వేపచెట్ల మొదళ్ల దాకా, సందు లేకుండా, గళ్లు గళ్లుగా. ప్రారంభం రోజు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మా పైఅధికారి ఫోటో తీయించి గోడకు తగిలించాడు. రెండో ఎండాకాలానికి బండలు కాలి కూర్చునేవాడు లేడు. వేపలు ఆకు రాల్చి చిగురు వేయలేదు.

బండలు పరిచిన మేస్త్రీ మాబు సాయిబు నాతో అన్నాడు. "బండ ఏస్తే నీటుగానే ఉంటాది సార్. చెట్టు నీళ్లు యాడ తాగల్ల? నేను ఆపొద్దే అందామనుకుంటి. మీరు పెద్ద చదువు చదివినోళ్లు, తెలిసే చేస్తాండారేమో అని గమ్మునైతి."

పిల్లలూ, ఈ మాట రాసిపెట్టుకోండి. పనివాళ్లు మనం అడగనిదే చెప్పరు. మన డిగ్రీ వాళ్ల నోరు కట్టేస్తుంది. అడగడం మన పని.

ఆ రోజు ఇంటికి పోయి బీరువా అడుగు నుంచి ఒక జెరాక్స్ కట్ట తీశాను. ఓబులరెడ్డి థీసిస్. కాలేజీ వదిలిన రోజే లైబ్రరీలో తీసుకుని జెరాక్స్ చేయించుకున్నాను, ఎవరికీ చెప్పకుండా. చెట్టు మొదలు చుట్టూ ఎంత మన్ను వదలాలి, ఏ చెట్టుకు ఏ గుంత, బండ వేయక తప్పకపోతే సందులు ఎట్లా వదలాలి, అన్నీ అందులో ఉన్నాయి. జమ్మలమడుగు బండలు సగం లేపించాను. అప్పటి నుంచి నేను చేసిన ప్రతి పార్కూ ఆ జెరాక్స్ కట్టలోంచి పుట్టిందే. నాకు మంచి పేరు వచ్చింది. ఎక్కడా అతని పేరు చెప్పలేదు. ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

ఫైలు

రాష్ట్రం విడిపోయాక పట్టణాలను అందంగా చేయాలని కొత్త పనులు చాలా వచ్చాయి. అప్పటికి నేను ప్రొద్దుటూరులో పార్కుల పని చూస్తున్నాను. ఒక రోజు నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. బంగారు అంగళ్ల వీధిలో నీడ చెట్లు. రూపకల్పన, ఓబులరెడ్డి. లోపల పటం కంప్యూటర్‌లో తిరిగి గీసి ఉంది కానీ కాలువ నుంచి గుంతలకు పోయే గీతలు పాత షీట్లో నేను గీసినట్టే ఉన్నాయి. పాతికేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టాను.

అతనే ఫోన్ చేశాడు. సంతోషంగా ఉన్నాడు. "శెట్టీ, మన థీసిస్ కడతాండాం. నీ చేతిలో ఉండాది గాబట్టి నాకు భయమే లేదప్పా."

ఆ ఫైల్లో నేను నింపాల్సిన ఒక గడి ఉంది. నీటి నాణ్యత పరీక్షించారా, స్థానికంగా విచారించారా అని. నిజం రాయాలంటే ఒక్క వాక్యం చాలు. సాయంత్రం పూట ఈ కాలువలో యాసిడ్ కలుస్తుంది. అది రాస్తే, మరి పాతికేళ్ల కింద మీ ఇంట్లోనే ఉండి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని అతను అడుగుతాడు.  దానికి నా దగ్గరున్న జవాబు చెప్పుకోదగ్గది కాదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. "మన థీసిస్" అని అతను సంతోషపడుతుంటే నాకు మళ్లీ ఆ స్టూడియోలోని పాత మంట రేగింది. యాభై ఏళ్ల మనిషిని, మనవరాలు పుట్టినవాణ్ణి. అయినా రేగింది.

"స్థానికంగా విచారించాను. వాడుక నీరే. అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ముప్పై రెండు కానుగ మొక్కలు నాటారు. ఓబులు స్వయంగా వచ్చి ఒక్కొక్క గుంత దగ్గర నిలబడి నాటించాడు. అంగళ్లవాళ్లు టీ తెప్పించారు. ఒక్క వానాకాలం బాగానే ఉన్నాయి, వాననీళ్లకు యాసిడ్ పలచబడింది కాబట్టి. మాఘమాసానికి ఆకు అంచులు మాడాయి. ఉగాదికి ముప్పై రెండూ కట్టెలైపోయాయి. ఊళ్లో నవ్వారు. పట్నం నుంచి వచ్చి మురుక్కాలువలో చెట్లు నాటిన ఇంజనీరని అతనికి పేరు పెట్టారు.

లక్షుమ్మ తట్ట

విచారణకని ఓబులు వచ్చాడు. పొద్దున్నే ఇద్దరం వీధికి పోయాం. అప్పటికే ఒక గుంతలో కూర్చుని ఒకామె రేకుతో బురద ఎత్తి తట్టలో వేసుకుంటూ ఉంది. పేరు లక్షుమ్మ. వాళ్లది జలగడుగు పని. కంసాలుల గదుల్లోంచి కొట్టుకొచ్చిన బంగారు పొడి కాలువ బురదలో కలుస్తుంది. వాళ్లు ఆ బురద ఎత్తుకుపోయి పళ్లెంలో కడిగి, చివరకు మిగిలే రవ్వంత పసిడి అమ్ముకుని బతుకుతారు. వేకువనే వచ్చి ఎండ ఎక్కేలోపు పోతారు. నా చిన్నప్పటి నుంచీ ఆమె ఆ వీధిలో బురద ఎత్తుతూనే ఉంది.

ఓబులు ఆమె పక్కన గొంతుకూర్చుని అడిగాడు. "గుంతలోది ఎత్తుతాండావేంది అవ్వా?"

"గుంతల్లో బాగా నిలబడతాంది సామీ. కాలువలో అయితే కొట్టుకపోతాండ్య. నువ్వే తవ్విస్తివంట గదా, సల్లంగుండు."

"చెట్లు యాల సచ్చిపాయె?"

ఆమె చేతులు చూపించింది. గోళ్ల చుట్టూ తెల్లగా, చర్మం పొరలు లేచి ఉంది. "ఈ నీళ్లలో చేతులే నిలబడవు, చెట్లు యాడ నిలబడతాయి? మాపటేల పనిగదులోళ్లు యాసిడ్ పోస్తారు గదా. అదో, ఆ శెట్టి కొడుకు ఈడనే పుట్టినాడు, ఆయప్పకు తెలీదా? చిన్నప్పుడు ఆయప్ప చెయ్యి కాలితే ఆపొద్దు నేనే నీళ్లు పోస్తి."

నేను చేయి కాలిన సంగతి గుర్తుంది గానీ నీళ్లు పోసింది ఆమె అని మరిచిపోయాను. ఓబులు నా వైపు తిరిగి చూశాడు.  అతను లేచి, ప్యాంటుకు అంటిన మన్ను దులుపుకుని, మిగిలిన గుంతలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వీధి చివరి దాకా పోయాడు. నేను అంగడి మెట్ల మీద నిలబడ్డాను. పిలవడానికి ధైర్యం చాలలేదు.

నాకు ఉద్యోగం పోతుందనుకున్నాను. పోవాల్సిందే. పది రోజుల తర్వాత అతని రిపోర్టు వచ్చింది. "సర్వే ఉదయం వేళల్లో మాత్రమే జరిగింది. సాయంత్రం కాలువలోకి వచ్చే నీటిని పరిశీలించకపోవడం రూపకర్తగా నా లోపం" అని రాశాడు. నా గడి గురించి, నా సంతకం గురించి ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత అతని ఆఫీసుకు పనులు రావడం ఆగిపోయింది. రెండేళ్లకు ఆఫీసు మూసేసి పులివెందుల తోటకు తిరిగి వచ్చాడని విన్నాను.

ఆ వీధి మళ్లీ చేసే పని నాకే పడింది. ఈసారి సరిగ్గా చేశాను. పనిగదుల దగ్గరికి ఒక్కొక్కదానికీ పోయి, యాసిడ్ నీళ్లు కాలువలో పోయకుండా సున్నం వేసిన తొట్లలో పోసి వాటి ఘాటు విరిచేట్టు ఒప్పించాను. ఒప్పించడానికి ఏడాది పట్టింది. మా నాయన పేరు చెప్పుకుని, బంధుత్వాలు కలుపుకుని, కాళ్లబేరానికి కూడా పోయాను. చెట్ల గుంతలు కాలువకు దూరంగా జరిపి, ఎత్తు కట్టి, ముప్పై కానుగలు నాటించాను. బతికాయి. ఇప్పుడు పీజీ పిల్లలను బస్సుల్లో తీసుకొచ్చి ఆ వీధి చూపిస్తారు. నన్ను పిలిచి మాట్లాడమంటారు. నా శాలువాలన్నీ ఆ వీధివే.

పులివెందుల తోట

రిటైరైన రెండో ఏడు నేను పులివెందులకు పోయాను. ఇంకా ఆలస్యం చేస్తే ఇద్దరిలో ఎవరో ఒకరం ఉండమనిపించింది. దారిలో బస్సులో అతను నన్ను ఎట్లా క్షమిస్తాడో, నేను ఏ మాట అంటానో అంతా సిద్ధం చేసుకున్నాను.

ఓబులు చీనీ చెట్ల కింద కూర్చుని డ్రిప్పు పైపుకు అతుకు వేస్తూ ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి, "రా అప్పా, ఆ రాయి మీద కూచో" అన్నాడు. కూర్చుని ముందుమాటలేవీ లేకుండా చెప్పేశాను. లేకపోతే చెప్పలేనని భయం.

"ఓబులూ, ఆ నీళ్ల సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. కాలేజీ రోజుల్లో కాలువ గట్టున అడిగినప్పుడూ తెలుసు. ఫైల్లో రాసినప్పుడూ తెలుసు. నీ మీద ఓర్చుకోలేక చెప్పలేదు."

"తెలుసులే."

"ఎప్పుడు తెలుసు?"

"లక్షుమ్మ చెప్పిన పొద్దే. నీ మొగం చూస్తే తెలీదా?"

"మరి రిపోర్టులో నా పేరు ఎందుకు రాయలేదు?"

అతను పైపు ముక్క కొలిచి కోశాడు. "రాస్తే నిన్ను ఆణ్నించి ఎత్తేస్తాండ్రి. నన్ను ఎట్లాగూ మల్ల రానీరు. ఇంగ ఆ వీధికి చెట్లు పెట్టేది ఎవురు? యాసిడ్ ఆపమని నేను చెప్తే ఆ అంగళ్లోళ్లు ఇంటారా? నువ్వు చెప్తే ఇంటారు."

"నన్ను కాపాడినావు" అన్నాను. 

"నిన్నెందుకు కాపాడల్ల?" ఓబులు పైపు పక్కన పెట్టి తలెత్తి నన్ను చూశాడు. "నీ మీద నాకు శానా కోపముండ్య. ఇప్పుటికీ ఉండాది. మా ఇంట్లో నీ పేరెత్తొద్దంటి. చెట్ల కోసరం రాయలే, అంతే. నీ కోసరం కాదు."

ఆ మాటకు నేను నొచ్చుకున్నాను. ఎంత సిగ్గుమాలినతనమో చూడండి. అతని బతుకుదెరువు పోగొట్టిన మనిషిని, అతను నన్ను తలుచుకుని ఆ త్యాగం చేయలేదని నొచ్చుకున్నాను. పాతికేళ్లకు పైగా నేను అతన్ని చూస్తూ ఉన్నాను, అతనికెన్ని మార్కులు, అతని దగ్గర సారు ఎన్ని నిమిషాలు, మా నాయన అతనితో ఎన్ని మాటలు. అతను మాత్రం అంతకాలం వీధిని చూస్తూ ఉన్నాడు. ఉద్యోగం చేసినవాణ్ణి నేను, పని చేసింది అతను. ఈ తేడా మీకు ఏ కాలేజీలోనూ పాఠంగా చెప్పరు. నేను కూడా ఎట్లా చెప్పాలో తెలియకే ఇంత పొడుగు రాస్తున్నాను.

లేచి వస్తుంటే వెనక నుంచి అడిగాడు. "ఇంగ ఎన్ని ఉండాయి ఆడ?"

నాకు తెలియదు. రిటైరయ్యాక లెక్కపెట్టలేదు. చూడకుండానే "అన్నీ ఉన్నాయి" అని నోటిదాకా వచ్చింది.

"తెలీదు. చూసి చెప్తా" అన్నాను.

మర్నాడు పొద్దున పోయి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెట్టాను. సాయంత్రం మళ్లీ పోయి ఇంకోసారి లెక్కపెట్టి, పనిగదుల సున్నం తొట్ల పక్కన మన్ను కూడా చూసి, అప్పుడు ఫోన్ చేశాను. ఇరవై ఏడు ఉన్నాయి. రెండింటిని అంగడి బోర్డు కనిపించడం లేదని కొట్టేశారు. ఇంకొకటి, వీధి మలుపులోది, నిలువునా ఎండిపోయింది.

"అది యాల ఎండె?"

"నాకు తెలీలేదు. నీళ్లు బాగనే ఉండాయి, రెండు పూటలా చూసినా. బెరడు కూడా చూసినా. తెలీలేదు."

 

"దాని మొదట్లో మూరెడు లోతు మన్ను తీసి పెట్టు" అన్నాడు. "ఆదివారం వస్తా."

వస్తాడు. ఆ మన్ను చేతిలోకి తీసుకుని, నేను నాలుగు రోజులుగా తలబద్దలు కొట్టుకున్నా తెలియని కారణం ఒక్క నిమిషంలో చెప్పేస్తాడు. నలుగురూ వింటుండగా చెప్తాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పుడే కడుపు మండుతోంది. పొద్దున్నే గడ్డపార తీసుకుపోయి మన్ను తవ్వి, డబ్బాలో పోసి మూతపెట్టి ఉంచాను.